చెవి కోరిక.. జేబు కొలత

పాటల పిచ్చి ఉన్నవాళ్లకి ఇంట్లో ఉన్న సిస్టమ్ ఎప్పుడూ పాతదే. కొన్న ఆర్నెల్లకే యాంప్లిఫయర్ చాలదనిపిస్తుంది. అది మారిస్తే స్పీకర్లు తేలిపోతాయి. అవీ మారిస్తే చూపు వైర్ల మీదికి పోతుంది. పండగ ఆఫర్లూ వడ్డీలేని వాయిదాలూ ఈ దురదకు తోడు. ఇంటద్దె, పిల్లల ఫీజులు పోను మిగిలే జీతంతో ఈ పరుగు అందుకోవడం ఎవరి వల్లా కాదు. అలాగని మోజు తప్పేమీ కాదు, పెట్టిన డబ్బు చెవికి తెలుస్తోందా అన్నదే అసలు లెక్క.

వాట్ల సంగతే చూడండి. 50 వాట్ల యాంప్లిఫయర్ తీసేసి 100 వాట్లది పెడితే పాట రెండింతలు గట్టిగా వినిపిస్తుందనుకుంటాం. నిజానికి పెరిగేది 3 డెసిబెల్స్. ‘కాస్త పెరిగిందేమో’ అనిపించేంత, అంతే. రెట్టింపు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అందుకు పవర్ పదింతలు కావాలి. హాల్లో కూర్చుని మామూలుగా వినేటప్పుడు ఖర్చయ్యేది చాలాసార్లు ఒకటి రెండు వాట్లే.

‘బేస్ రావట్లేదు’ అన్నది ఇంకో ఫిర్యాదు. ఫ్లాట్లలో రాత్రిపూట పక్కింటివాళ్లకు జడిసి సౌండ్ తగ్గించి వింటాం. సౌండ్ తగ్గేకొద్దీ మన చెవి బేస్‌ను మరీ తక్కువగా పట్టుకుంటుంది. ఫ్లెచర్, మన్సన్ అనే అమెరికన్ పరిశోధకులు 1933లోనే ఈ సంగతిని కొలిచి చూపారు. పాత యాంప్లిఫయర్ల మీద ‘లౌడ్‌నెస్’ బటన్ ఉండేది ఇందుకే. ఆ బటన్ నొక్కితే తీరే లోటుకి సబ్‌వూఫర్ కొనేవాళ్లని ఏమనాలి!

గది మాట ఎవరూ ఎత్తరు. అమ్ముకునే సరుకు కాదుగా మరి! మన ఇళ్లలో కింద టైల్స్, చుట్టూ నున్నటి గోడలు, గాజు కిటికీలు. స్పీకర్ నుంచి సూటిగా వచ్చే పాట కొంత, గోడలకు కొట్టుకుని తిరిగొచ్చేది ఇంకొంత. రెండూ కలిసి మాటలు అలుక్కుపోతాయి. మందపాటి కర్టెన్లు వేలాడదీసి, కింద జంపఖానా పరిచి, నిండుగా ఉన్న పుస్తకాల బీరువాని ఓ గోడకు చేర్చి వినండి. మూలకు నెట్టిన స్పీకర్లను కాస్త ముందుకు లాగితే గుమ్మని మోగే బేస్ అదుపులోకి వస్తుంది. స్పీకర్‌లో సన్నని శబ్దాలు పలికించే ట్వీటర్ మీ చెవి ఎత్తులో ఉండాలి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, వాటికీ మీకూ అంతే దూరం ఉండాలి. ఒకటి షోకేస్ మీదా, ఇంకొకటి ఫ్రిజ్ మీదా పెట్టి స్టీరియో రావట్లేదంటే ఆ పాపం కంపెనీది కాదు.

ఇక ‘హై రిజల్యూషన్’, అంటే సీడీని మించిన రికార్డింగుల మోజు. 2007లో అమెరికాలో మేయర్, మోరాన్ అనే ఇద్దరు అలాంటి ఖరీదైన డిస్కుల పాటని ఓసారి యథాతథంగా, ఓసారి సీడీ స్థాయికి తగ్గించి వినిపించారు. ఏది ఏదో చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. కళ్లు మూసుకుని ఏదో ఒకటి చెప్పినా వచ్చే మార్కులే అవి! ఘంటసాల పాత పాటలే ప్రాణమైతే ఇంకో మాట. అవి చాలావరకు మోనో రికార్డింగులు. లక్ష పోసినా కుడి, ఎడమ విడిపోవు సరికదా, పాత రికార్డులోని చిటపటలు ఇంకా బాగా వినిపిస్తాయి.

మరి డబ్బు ఎక్కడ పెట్టాలి? స్పీకర్ల మీదే. పాటని ఎక్కువగా వంకర చేసేది అవే, మారిస్తే తేడా తెలిసేదీ వాటితోనే. వైర్లకు మామూలు మందం రాగితీగ చాలు. అసలు మార్చక్కర్లేని స్పీకర్లూ ఉంటాయి. కోన్ బాగానే ఉండి చుట్టూ ఫోమ్ పొడిపొడిగా రాలుతుంటే ఆ ఫోమ్ ఒక్కటే వేయించవచ్చు. వాల్యూమ్ తిప్పితే గరగరమంటే సాధారణంగా కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో పోతుంది. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో కొత్త పెట్టెలు చూసి మనసు పారేసుకునే ముందు పాతవాటిని ఓ మంచి మెకానిక్‌కి చూపించండి.

అయినా కొనాలనే ఉందా? అప్పు లేకుండా కొనండి. మీకు కొట్టినపిండి అయిన పాటనే పట్టుకెళ్లి వినండి. పోల్చి చూసే రెండు సెట్లనీ ఒకే సౌండ్‌లో పెట్టమని అడగండి, ఎందుకంటే రవ్వంత గట్టిగా మోగినదే బాగున్నట్టు అనిపిస్తుంది. అలా పెట్టనంటే ఆ కొట్టు మెట్లు దిగి వచ్చేయండి.