సభాకంపం ఎందుకు కలుగుతుంది? ఎట్లా పోతుంది?

కళాశాలలో ప్రయోగ పరీక్షలు జరిగేటప్పుడు ఒక దృశ్యం మాకు ఏటేటా కనబడుతూనే ఉంటుంది. విద్యార్థి లోలకాన్ని చక్కగా వ్రేలాడదీస్తాడు. 20 డోలనాలకు పట్టిన కాలాన్ని ఓపికగా కొలుస్తాడు. గురుత్వ త్వరణాన్ని తప్పు లేకుండా లెక్క కడతాడు. అప్పుడు బయటినుంచి వచ్చిన పరీక్షకుడు, "లోలకం పొడవు నాలుగు రెట్లు చేస్తే ఆవర్తన కాలం ఏమవుతుందోయ్?" అని అడుగుతాడు. అంతే, కుర్రవానికి నోరు పెగలదు. రెండింతలవుతుందని అతనికి తెలుసు. గది దాటిన మరుక్షణమే స్నేహితునికి చెబుతాడు కూడా. కాని పోయిన మార్కులు తిరిగి రావు గదా! ఇది చదువులోని లోపం కాదు. పదిమంది ఎదుట నిలబడి నోరు విప్పే అలవాటు లేకపోవటంవల్ల వచ్చిన చిక్కు.

దీనికి మనవారు సభాకంపం అని పేరు పెట్టారు. పేరు సార్థకమైనదే. నిజంగానే కాళ్లూ చేతులూ వణుకుతాయి. ఎందుకు?

శరీరంలో జరిగేది

మన మూత్రపిండాల మీద టోపీలవలె అధివృక్క గ్రంథులు రెండు ఉన్నవి. అపాయం ఎదురైందని మెదడు భావించగానే నాడుల ద్వారా వీటికి ఆజ్ఞ అందుతుంది. అవి అడ్రినలిన్ అనే పదార్థాన్ని రక్తంలోనికి వదలుతాయి. గుండె వడిగా కొట్టుకుంటుంది. చర్మానికీ, జీర్ణకోశానికీ పోయే రక్తం తగ్గి కండరాలకు మళ్లుతుంది. అందువల్లనే చేతులు చల్లబడతాయి, కడుపులో తిప్పినట్లుంటుంది. లాలాజలం తగ్గి నోరు ఎండిపోతుంది. ఇదంతా పోరాడటానికో, పారిపోవటానికో శరీరం చేసుకొనే సన్నాహమని అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. పులి ఎదురైతే ఈ సన్నాహం ప్రాణం కాపాడుతుంది. సభలో పులి లేదు. అయినా నలుగురూ నవ్వుతారేమోనన్న భయాన్ని మెదడు అపాయంగానే లెక్కిస్తుంది.

చూచేవారుంటే ఏమవుతుంది?

1965లో రాబర్ట్ జయొంక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక సూత్రం ప్రతిపాదించాడు. ప్రేక్షకులుంటే బాగా అలవాటైన పని మరింత బాగా సాగుతుంది, ఇంకా అలవాటు కాని పని మరింత చెడుతుంది. 1969లో ఆయన, సహచరులు దీనిని బొద్దింకల మీద పరీక్షించారు. తిన్నని దారిలో, తోటి బొద్దింకలు చూస్తూ ఉన్నప్పుడు అవి త్వరగా పరుగెత్తాయి. మలుపు తిరగవలసిన దారిలో మాత్రం ప్రేక్షకులుంటే ఆలస్యమైంది! కాబట్టి సగం నేర్చిన ఉపన్యాసంతో విద్యార్థిని వేదిక ఎక్కించటం అతనికి మేలు చేయటం కాదు. మొదట ఒంటరిగా, తరువాత ఇద్దరు స్నేహితుల ముందు, ఆ తరువాత తరగతిలో చెప్పించవలె.

ఒక్కసారి చాలదు

జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో 1993లో ఒక పరీక్షా పద్ధతి రూపొందింది. మనిషిని పరీక్షకుల ముందు నిలబెట్టి 5 నిమిషాలు మాట్లాడిస్తారు. మరో 5 నిమిషాలు 1022 నుంచి 13 చొప్పున తీసివేస్తూ పైకి చెప్పమంటారు. ఈ పరీక్షవల్ల కార్టిసాల్ అనే మరో హార్మోను బాగా పెరుగుతుంది. 1995లో ప్రచురించిన ప్రయోగంలో 20 మందిని వరుసగా 5 రోజులు ఇట్లా నిలబెట్టి చూచారు. వారిలో 13 మందికి మొదటి రోజు పెరిగిన కార్టిసాల్ తరువాతి రోజులలో అంతగా పెరగలేదు. శరీరం అలవాటుపడింది. మిగిలిన 7 గురికి మాత్రం రోజూ పెరుగుతూనే వచ్చింది. ఆ ఏడుగురు తమను తాము తక్కువగా అంచనా వేసుకొనేవారని ప్రశ్నలవల్ల తేలింది.

ఇందులో ఉపాధ్యాయులకు రెండు పాఠాలు ఉన్నవి. ఏడాదికి ఒక్కసారి వార్షికోత్సవంనాడు జంకు లేనివారినే ఏరి వేదిక ఎక్కిస్తే, జంకేవారికి దక్కేది ఏమీ లేదు. మాటిమాటికీ అవకాశం రావలె. అది మొదటి పాఠం. కొందరికి ఆ అవకాశమొక్కటే చాలదు, చేసిన పనిలో గెలుపు కూడా చవిచూడవలె. అది రెండవది. ఆత్మవిశ్వాసానికి ఆధారాలలో అన్నిటికన్న బలమైనది స్వయంగా సాధించిన విజయమే అని ఆల్బర్ట్ బందూరా 1977లో చెప్పినది ఇదే.

కోలాటంనుంచి ఉపన్యాసందాకా

బెదురు విద్యార్థికి మొదటి మెట్టు బృందనృత్యం. కోలాటంలో ఎవ్వరూ ఒంటరిగా నిలబడరు. చూపులు ఒక్కరిమీదనే పడవు. తాళం తప్పితే ఎదుటివాని కోల తగలదు గనుక తప్పు తనకే తెలుస్తుంది, మరుసటి చుట్టులో దిద్దుకొంటాడు. బ్రెజిల్ దేశపు ఉన్నత పాఠశాల విద్యార్థులతో చేసి 2015లో ప్రచురించిన ప్రయోగంలో, ఒకే లయలో కలిసి ఆడినవారికి తోటివారిపై దగ్గరితనమూ, నొప్పిని ఓర్చే శక్తీ పెరిగినట్లు తేలింది. అట్లా కలిసి ఆడినవారి ఎదుట తరువాత మాట్లాడటం అపరిచితుల ఎదుట మాట్లాడటమంత కష్టం కాదు.

రెండవ మెట్టు, కూర్చున్న చోటనుంచే ఒక పేరా పైకి చదవటం. మూడవది, చేతిలో పరికరం పట్టుకొని తాను చేసిన ప్రయోగాన్ని రెండు నిమిషాలు వివరించటం. చేతికి పని ఉంటుంది, చూపులు పరికరం మీదకు పోతాయి, చెప్పే విషయం తాను కళ్లారా చూచినదే. నాల్గవ మెట్టు ప్రార్థనా సమావేశం. ఏ మెట్టు మీదనైనా తడబడితే నవ్వకూడదన్నది తరగతికంతకూ నియమంగా ఉండవలె.

విద్యార్థులకు ఒక మాట. గుండె దడదడలాడుతుంటే "భయపడకు" అని మనసును అదిమిపెట్టబోకండి. ఉత్సాహంలోనూ గుండె అట్లాగే కొట్టుకుంటుంది గదా! "నాకు ఉత్సాహంగా ఉన్నది" అనుకొన్నవారు, "నేను నెమ్మదిగా ఉన్నాను" అనుకొన్నవారికన్న బాగా మాట్లాడినట్లు 2014లో అమెరికాలో ప్రచురించిన ప్రయోగాలు చూపాయి.

ఈ వారమే ఆరంభించవచ్చును. రోజుకు ఇద్దరు చొప్పున, మనిషికి రెండు నిమిషాలు. 40 మంది ఉన్న తరగతిలో 20 పనిదినాలకు ప్రతివానికీ వంతు వస్తుంది. ఏడాదిలో ఒక్కొక్కరికి పదిసార్లైనా వస్తుంది. అప్పుడు లోలకాన్ని గురించి పరీక్షకుడు అడిగితే ఆ కుర్రవాడు తెలిసిన సమాధానం అక్కడే చెప్పగలుగుతాడు.