మోటారు కారు దీపాలు - తీగలు - ఫ్యూజులు

ఇంట్లో ఫ్యూజు పోయినప్పుడు దాన్ని తిరిగి కట్టేవారిలో కొందరు సన్నని ఫ్యూజు తీగకు బదులు మోటు రాగితీగను నాలుగు పేటలు మెలివేసి బిగించి, "ఇక ఇది పోదు" అని సంతోషిస్తారు. వారి మాట నిజమే. ఆ ఫ్యూజు పోదు. కీడు మూడిన నాడు పోయేది ఇల్లే. ఇదే పొరపాటు మోటారు కార్ల విషయంలో కూడా జరుగుతూ ఉంటుంది. రాత్రి ప్రయాణాలకు వెలుగు చాలడం లేదని కారుకు పెద్ద బల్బులు వేయిస్తారు. కొన్నాళ్ళకు ఫ్యూజు పోతుంది. దాని స్థానంలో అంతకంటె పెద్దది పెడతారు. అంతటితో చిక్కు తీరిందనుకొంటారు. నిజానికి చిక్కు మొదలయ్యేది అప్పుడే.

ఇది ఎందువల్లనో తెలుసుకొనడానికి ఉన్నత పాఠశాలలో నేర్చిన రెండు సూత్రాలు చాలును. ఒకటి, 1827లో జర్మనీ దేశీయుడు ఓమ్ ప్రకటించిన సూత్రం. రెండవది, 1841లో ఇంగ్లండు దేశీయుడు జౌల్ ప్రకటించిన సూత్రం.

కారులోని విద్యుద్వలయం

కారు బ్యాటరీ వోల్టేజి 12 వోల్టులు. బ్యాటరీ ధన ధ్రువం నుంచి బయలుదేరిన తీగ ఫ్యూజు గుండా డ్రైవరు ఎదుట ఉన్న స్విచ్చికి వెళుతుంది. అక్కడినుంచి దీపాల వెలుగును దూరానికి, దగ్గరకు మార్చే డిప్పర్ స్విచ్చికి, అటుపిమ్మట మళ్ళీ కారు ముందు భాగంలోని దీపాలకు వస్తుంది. దీపాల నుంచి తిరిగి బ్యాటరీకి చేరడానికి వేరే తీగ అక్కరలేదు. బ్యాటరీ ఋణ ధ్రువాన్ని కారు బాడీకి కలిపి ఉంచుతారు గనుక, ఆ ఇనుప శరీరమే తిరుగు దారి అవుతుంది.

బ్యాటరీకి, దీపాలకు మధ్య దూరం చూస్తే రెండు బారలు ఉండదు. కాని పాత కార్లలో చాలావాటిలో దీపాల కరెంటు మొత్తం స్విచ్చి దాకా పోయి తిరిగి రావలసి ఉన్నందున తీగ పొడవు 5 మీటర్ల వరకు ఉంటుంది. దారిలో స్విచ్చి కాంటాక్టులు, కనెక్టర్లు, ఫ్యూజు గూడు మొదలైనవన్నీ ఉంటవి.

హాలొజన్ వాయువు నింపిన కారు దీపాలు 1962లో ఐరోపాలో వాడుకలోకి వచ్చినవి. దూరపు వెలుగుకు, దగ్గరి వెలుగుకు రెండు ఫిలమెంట్లను ఒకే బల్బులో అమర్చిన 'హెచ్-4' రకం 1971లో వచ్చింది. దీనిలో దూరపు వెలుగు ఫిలమెంటు 60 వాట్లు, దగ్గరి వెలుగుది 55 వాట్లు. ఇదే గూటిలో సరిపోయే 100, 90 వాట్ల బల్బులు కూడా బజారులో దొరుకుతవి. పాత బల్బు తీసి కొత్తది పెట్టడం రెండు నిమిషాల పని. గూడు సరిపోయింది గనుక అంతా సరిపోయిందని భ్రమ పడేది ఇక్కడే.

వెలుగు ఎక్కడ పోతున్నది?

సామర్థ్యాన్ని వోల్టేజితో భాగిస్తే ప్రవాహం తెలుస్తుంది. 60 వాట్ల దీపాలు రెంటికీ కలిపి 120 వాట్లు. 12తో భాగిస్తే 10 ఆంపియర్లు. 100 వాట్ల దీపాలు రెంటికీ 200 వాట్లు. అనగా దాదాపు 16.7 ఆంపియర్లు.

ఇక తీగ సంగతి. ఒక చదరపు మిల్లీమీటరు మధ్యచ్ఛేద వైశాల్యం గల రాగితీగకు మీటరుకు సుమారు 0.017 ఓములు నిరోధం ఉంటుంది. 5 మీటర్లకు 0.085 ఓములు. స్విచ్చిలు, అతుకులు కలుపుకొని మొత్తం 0.1 ఓము అనుకొనవచ్చు. ఇది చాలా స్వల్పంగా కనిపిస్తుంది. కాని ఓమ్ సూత్రం ప్రకారం 10 ఆంపియర్లు ప్రవహించేటప్పుడు ఈ దారిలో 1 వోల్టు, 16.7 ఆంపియర్లు ప్రవహించేటప్పుడు 1.67 వోల్టులు నష్టమవుతవి. దీపానికి చేరేది మిగిలిన వోల్టేజి మాత్రమే.

వోల్టేజి కొద్దిగా తగ్గితే ఫిలమెంటు వెలుగు కూడా కొద్దిగానే తగ్గుతుందనుకొనరాదు. ఫిలమెంటు వెలుగు వోల్టేజి యొక్క సుమారు 3.4వ ఘాతానికి అనుపాతంలో ఉంటుంది. వోల్టేజి నూటికి 10 వంతులు తగ్గితే వెలుగు నూటికి 30 వంతులు తగ్గుతుంది. ఈ లెక్కన పై ఉదాహరణలో 60 వాట్ల దీపం తన పూర్తి వెలుగులో నాలుగింట మూడు వంతులు మాత్రమే ఇస్తుంది. 100 వాట్ల దీపమైతే అయిదింట మూడు వంతులే ఇస్తుంది. పూర్తి వోల్టేజి వద్ద వాటి వెలుగులను 60, 100 అనుకొంటే, పాత తీగల మీద అవి 45, 60 అవుతవి. విద్యుత్తు మూడింట రెండు వంతులు పెంచితే వెలుగు పెరిగింది మూడో వంతు మాత్రమే.

పోయిన వోల్టేజి ఊరికే పోలేదు. తీగలో ఉష్ణంగా మారింది. జౌల్ సూత్రం ప్రకారం ఈ ఉష్ణం ప్రవాహం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. 10 ఆంపియర్ల వద్ద దారిలో 10 వాట్లు, 16.7 ఆంపియర్ల వద్ద 28 వాట్లు ఉష్ణం పుడుతుంది. రేడియోల మరమ్మతుకు వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే గదా! ఈ వేడి తీగ పొడవునా పరచుకొన్నంత కాలం భరించవచ్చు. కాని చిలుము పట్టిన కాంటాక్టు వద్దనో, వదులైన కనెక్టరు వద్దనో నిరోధం ఎక్కువగా ఉంటుంది. వేడిలో ఎక్కువ పాలు అక్కడే పుట్టి, అక్కడి ప్లాస్టిక్కును కరిగిస్తుంది.

ఫ్యూజు దేనికి కాపలా?

ఫ్యూజు దీపాన్ని కాపాడుతుందని చాలామంది అభిప్రాయం. ఇది సరికాదు. ఫ్యూజు కాపాడేది తీగను. కారు బ్యాటరీ ఇంజను స్టార్టు చేయడానికి వందల ఆంపియర్ల ప్రవాహం ఇవ్వగల శక్తి కలది. ఎక్కడైనా తీగ తొడుగు అరిగి లోపలి రాగి కారు బాడీకి తగిలితే ఆ ప్రవాహమంతా తీగలోకి దూకుతుంది. సాధారణ పి.వి.సి. తొడుగును 70 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పనిచేయడానికి ఉద్దేశించి తయారు చేస్తారు. అది దాటితే తొడుగు మెత్తబడుతుంది. ఇంకా వేడెక్కితే కరిగి, అంటుకొంటుంది. ఆ స్థితి రాకముందే తెగిపోవడం ఫ్యూజు ధర్మం.

15 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న వలయంలో 100 వాట్ల దీపాలు వేశారనుకొనవచ్చు. ఆ ఫ్యూజు 15 దాటిన తక్షణమే తెగదు. స్వల్పంగా మించిన ప్రవాహాన్ని చాలాసేపు ఓర్చుకొంటుంది; రెట్టింపయితే కొద్ది సెకండ్లలో తెగుతుంది. కాబట్టి కొంతకాలం పనిచేసి, ఏదో ఒక రాత్రి తెగవచ్చు. రెండు దీపాలకూ అదే ఫ్యూజు అయితే వేగంగా పోతున్న కారు ముందు రోడ్డు ఒక్కసారిగా చీకటి అవుతుంది. భయపడిన యజమాని మరునాడు 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిస్తాడు. ఇప్పుడు ఏదైనా లోపం వల్ల ఆ తీగలో 28 ఆంపియర్లు ప్రవహించినా ఫ్యూజు చలించదు. తీగలో మాత్రం 10 ఆంపియర్లప్పటి కంటె దాదాపు 8 రెట్లు ఉష్ణం పుడుతుంది. అంటే తీగే ఫ్యూజు అయింది!

కాబట్టి గుర్తుంచుకొనవలసిన క్రమం ఇది: దీపాల ప్రవాహం కంటె ఫ్యూజు పెద్దదిగా ఉండవలె, ఫ్యూజు కంటె తీగ మోయగల ప్రవాహం పెద్దదిగా ఉండవలె. ఎడతెగక ప్రవహించే కరెంటు ఫ్యూజు అంకెలో నాలుగింట మూడు వంతులకు మించకుండా చూడడం వాడుక. ఆ లెక్కన 10 ఆంపియర్ల దీపాలకు 15 ఆంపియర్ల ఫ్యూజు తగినది.

రిలే చేసే సహాయం

తీగను లావు చేసి స్విచ్చి దాకా తిప్పి తేవడం కంటె మంచి ఉపాయం రిలే. 1835 ప్రాంతంలో అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ హెన్రీ ఉపయోగించిన సాధనమిది. ఇందులో ఒక చిన్న విద్యుదయస్కాంతం ఉంటుంది. దాని తీగచుట్టలో కరెంటు ప్రవహించగానే అది ఒక ఇనుప పలకను ఆకర్షించి, పెద్ద కాంటాక్టులను కలుపుతుంది. తీగచుట్ట నిరోధం 80 ఓములైతే అది తీసుకొనే కరెంటు 0.15 ఆంపియరు మాత్రమే. పాత స్విచ్చి, పాత తీగ ఇక ఆ కొద్దిపాటి కరెంటును మోస్తే చాలును. దీపాల కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు గుండా, రిలే గుండా దగ్గర దారిన దీపాలకు పోతుంది.

కార్ల రిలేల మీద అంకెలు ఉంటవి. 85, 86 గుర్తులు తీగచుట్ట చివరలు. 30 బ్యాటరీ వైపు, 87 దీపాల వైపు. దూరపు వెలుగుకు ఒకటి, దగ్గరి వెలుగుకు ఒకటి చొప్పున రెండు రిలేలు కావలె.

ఈ కొత్త దారిలో 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగను మీటరున్నర వాడితే దాని నిరోధం 0.01 ఓము, అతుకులతో కలిపి 0.02 ఓము అనుకొనవచ్చు. 60 వాట్ల పాత దీపాలతోనే 10 ఆంపియర్ల వద్ద నష్టం 0.2 వోల్టు మాత్రమే. వెలుగు పై లెక్కలో 45 నుంచి 57కు పెరుగుతుంది. పాత తీగల మీద 100 వాట్ల బల్బులు ఇచ్చినది 60. అనగా బల్బు మార్చకుండా తీగ మార్చినందువల్లనే దాదాపు అంత వెలుగు వచ్చింది. తీగలలో ఉష్ణం మాత్రం 28 వాట్లకు బదులు 2 వాట్లే.

పని చేసేటప్పుడు

ముందుగా బ్యాటరీ ఋణ ధ్రువం తీగను విప్పవలె. ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టవలె. బ్యాటరీకి, ఫ్యూజుకు మధ్య ఉన్న తీగకు ఏ రక్షణా ఉండదు గనుక అది ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ఒక్కొక్క దీపానికి వేరువేరు ఫ్యూజు పెడితే ఒకటి పోయినా రెండవది దారి చూపుతుంది. 60 వాట్ల దీపం ఒకటే 5 ఆంపియర్లు తీసుకొంటుంది గనుక దానికి 10 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. పలక ఫ్యూజులలో ఇది ఎరుపు రంగుది. 15 ఆంపియర్లది నీలం, 20ది పసుపు, 30ది ఆకుపచ్చ. రేకు రంధ్రాల గుండా తీగ పోయేచోట రబ్బరు గ్రోమెట్ ఉండవలె. దీపం ఎర్తు తీగను రంగు గీకి శుభ్రపరచిన ఇనుము మీద బిగించవలె.

ఇంతటితో చాలక ఇంకా పెద్ద బల్బులు వేయదలచినవారు వెలుగుతోపాటు వేడి కూడా పెరిగి, ప్లాస్టిక్ గూడు, రిఫ్లెక్టరు పాడు కావచ్చునని, ఎదుటి డ్రైవరు కళ్ళు మిరుమిట్లు గొలిపి ప్రమాదం తేవచ్చునని గ్రహించవలె. వాహన దీపాలకు చట్టరీత్యా నియమాలు ఉన్నవి. వాటిని ముందే తెలుసుకొనవలె. ఎల్.ఇ.డి. బల్బులు తక్కువ కరెంటు తీసుకొంటవి గనుక తీగలకు భారం తగ్గుతుంది. అయితే ఫిలమెంటు కోసం రూపొందిన రిఫ్లెక్టరులో వాటి వెలుగు చెదరి ఎదుటివారి కళ్ళలో పడే అవకాశం ఉన్నది.

తరగతి గదిలో

ఈ విషయాన్ని ఉపాధ్యాయులు సులభంగా ప్రదర్శించవచ్చు. రెండు టార్చి సెల్లులకు ఒక టార్చి బల్బును పొట్టి తీగలతో కలిపి వెలుగు చూపించవలె. తరువాత 0.2 మిల్లీమీటరు వ్యాసం గల ఎనామిల్ పూత రాగితీగ 10 మీటర్లు తీసుకొని, చివరలను గరుకు కాగితంతో గీకి, మధ్యలో కలపవలె. బల్బు అదే, సెల్లులు అవే. కాని వెలుగు ఎర్రబారి సన్నగిల్లుతుంది. బల్బు కొనల మధ్య, సెల్లుల కొనల మధ్య వోల్టుమీటరు పెట్టి చూస్తే పోయిన వోల్టేజి ఎంతో విద్యార్థులే లెక్క కట్టగలరు. కారు యజమాని చేయవలసిన పరీక్ష కూడా ఇదే. దీపాలు వెలుగుతూ ఉండగా బ్యాటరీ వద్ద ఒకసారి, దీపం గూటి వద్ద ఒకసారి వోల్టేజి కొలవవలె. భేదం అర వోల్టు దాటితే మార్చవలసినది బల్బును కాదు, తీగను.

ఫ్యూజు పోయినదంటే వలయంలో ఎక్కడో ఏదో మించిపోయిందని అర్థం. ఆ కారణాన్ని వెదకకుండా ఫ్యూజును పెంచడమంటే, కుక్క మొరుగుతున్నదని దొంగను చూడకుండా కుక్క నోరు కట్టివేయడమే.