పర్వానాల్లో దోస్తు ఎవరు, దుష్మన్ ఎవరు?

వానాకాలం రాత్రి ఇంటి ముందు బల్బు వేస్తే రెక్కల పురుగులు మూగుతాయి. ఉర్దూలో వీటినే పర్వానా అంటారు. దేశంలో 10 వేలకు పైగా రకాలున్నాయి. అన్నీ పంటకు శత్రువులు కావు. ఏదో తెలియకుండా మందు కొడితే పైసలు దండగ. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ముఖ్యంగా మూడింటిని గుర్తుపట్టాలి.

మొదటిది పత్తిలో గులాబీ రంగు పురుగు. తల్లి పురుగు చిన్నది, బూడిద కలిసిన గోధుమ రంగు. పిల్ల పురుగు కాయలోకి దూరిందంటే మందు దానికి అందదు. అందుకే ముందే చేనులో లింగాకర్షక బుట్టలు కట్టాలి. ఒక్కో బుట్టలో వరుసగా 3 రాత్రులు 8 చొప్పున పురుగులు పడితే మందు కొట్టాల్సిన సమయం వచ్చినట్టే.

రెండోది మక్కలో కత్తెర పురుగు. మన దేశంలో 2018లో మొదటిసారి కనిపించింది. పిల్ల పురుగు తలపై తిరగేసిన 'వై' గుర్తు, తోక దగ్గర చతురస్రంగా 4 నల్ల చుక్కలు ఉంటే అదే.

మూడోది దోస్తు. భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ వైపు మద్ది చెట్లపై పెంచే దసలి పట్టుపురుగు. పెద్ద రెక్కలు, ఒక్కో రెక్కపై అద్దంలాంటి కన్ను. రెక్కలొచ్చాక ఇది ఏమీ తినదు. దీని గూళ్లే అక్కడి కుటుంబాలకు రోజీ. పక్క చేలో కొట్టిన మందు గాలికి వచ్చి ఆకులపై పడితే పట్టుపురుగులు చస్తాయి.

గుర్తుపట్టడానికి తెల్ల బట్ట, బల్బు, ఫోన్ చాలు. పిల్లలతో నోట్‌బుక్‌లో తేదీ, ఊరు, పంట, లెక్క రాయించండి. ఫొటోను రైతు వేదికలో ఏఈఓకు చూపించాకే మందుల దుకాణానికి వెళ్లండి.