అంపైర్ లేని చోట

మొయినాబాద్ మండలం ముర్తుజాగూడలో సానియా మీర్జా టెన్నిస్ అకాడమీ 2013లో మొదలైంది. టెన్నిస్ నేర్చుకునే పిల్లలకు ఫోర్‌హ్యాండ్‌తో పాటు ఇంకో విద్య కూడా పట్టుబడాలి. చిన్న టోర్నమెంట్లలో ప్రతి కోర్టుకూ కుర్చీ అంపైర్ దొరకడు. అలాంటప్పుడు నెట్‌కు ఇటువైపు పడ్డ బంతికి ఇటువైపు పిల్లాడే తీర్పరి. అనుమానం వస్తే బంతి లోపల పడ్డట్టే లెక్క. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నిబంధన ఇది.

పొరపాటున ‘అవుట్’ అని అరిచి, లేదు లోపలే పడిందని ఒప్పుకుంటే మొదటిసారి ఆ పాయింట్ మళ్లీ ఆడతారు, అవతలివాడిది తిరుగులేని షాట్ అయితే తప్ప. అదే మ్యాచ్‌లో రెండోసారి కూడా అలాగే చేస్తే పాయింట్ పోతుంది. మట్టి కోర్టులో ఇంకో ముచ్చట ఉంది. బంతి పడ్డ చోట గుర్తు మిగులుతుంది, చూపించమని అవతలివాడు అడగొచ్చు. దాన్ని కాలితో చెరిపేశారా, పాయింట్ వదులుకున్నట్టే! నల్లకోట్ల కోర్టుల్లోనూ సాక్ష్యం చెరిపినవాడి సంగతి ఇంత సూటిగా తేలిపోతే ఎంత బాగుండునో.

2005 రోమ్ టోర్నీలో ఆండీ రాడిక్‌కు మ్యాచ్ పాయింట్. ఫెర్నాండో వెర్దాస్కో రెండో సర్వ్ అవుట్ అన్నారు. ఆట ముగిసినట్టే, చేయి కలపడానికి వెర్దాస్కో నెట్ దగ్గరికి వస్తున్నాడు. రాడిక్ మాత్రం మట్టి మీది గుర్తు చూపించి, బంతి లోపలే పడిందన్నాడు. చివరికి ఆ మ్యాచ్ వెర్దాస్కోదే అయింది.

2025లో వింబుల్డన్ లైన్ జడ్జీలను పూర్తిగా మాన్పించి యంత్రాన్ని పెట్టింది. ఆ ఏడే అక్కడ క్రీడాకారిణి పావ్లుచెంకోవా ఆడుతున్న మ్యాచ్‌లో బంతి బయట పడినా యంత్రం నోరు మెదపలేదు. చూస్తే, కోర్టులో ఒక వైపు దాన్ని ఎవరో పొరపాటున ఆపేశారు.

అంపైర్ లేని చోటు ఇంకొకటి ముర్తుజాగూడ ఉన్న మండలంలోనే ఉంది, చిలుకూరు. బాలాజీ గుడిలో హుండీ లేదు. కోరిక చెప్పుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. చేతిలో 1 నుంచి 108 దాకా అంకెలు అచ్చేసిన కాగితం, ఒక పెన్ను. చుట్టు చుట్టుకూ ఒక అంకె కొట్టేసుకోవాలి. ఎనభై దాటి కాళ్లు పీకుతుంటే రెండు అంకెలు ఒకేసారి కొట్టేసినా అడిగే నాథుడు లేడు.

పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాక కూల్‌డ్రింక్ ప్రకటన అవకాశం వచ్చింది. తాను తాగనిదాన్ని జనాన్ని తాగమని చెప్పనని వద్దనేశాడు. ఆటలో నిజాయతీ కన్నా ఇది కష్టమని నా లెక్క, ఇక్కడ వదులుకున్నది డబ్బు మరి.

1980 బొంబాయి స్వర్ణోత్సవ టెస్టులో ఇంగ్లండ్ 58 పరుగులకు 5 వికెట్లు పోగొట్టుకుని ఉంది. అంపైర్ అవుటిచ్చిన బాబ్ టేలర్‌ను మన కెప్టెన్ విశ్వనాథ్ వెనక్కి పిలిపించాడు. టేలర్, బోథమ్ కలిసి 171 జోడించారు. మనం పది వికెట్ల తేడాతో ఓడిపోయాం.

హైదరాబాద్ అజారుద్దీన్‌పై ఫిక్సింగ్ ఆరోపణలతో బీసీసీఐ 2000 డిసెంబర్‌లో జీవితకాల నిషేధం పెట్టింది. అది చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012 నవంబర్‌లో తేల్చింది. అప్పటికి ఆయన టెస్టులు 99 దగ్గరే ఆగిపోయాయి. మ్యాచ్ ఫిక్సింగ్ 420 సెక్షన్ కింద మోసం కాదని 2022లో కర్ణాటక హైకోర్టు వేరే కేసులో చెప్పింది.

2023 సెప్టెంబర్‌లో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు డోపింగ్ పరీక్షల బృందం వచ్చిందని తెలియగానే చాలామంది మాయమయ్యారు. పురుషుల 100 మీటర్ల ఫైనల్లో పరిగెత్తింది ఒకే ఒక్కడు!

పిల్లల్ని క్రికెట్‌లో చేర్పించే అమ్మానాన్నలకు ఒక మాట. పుట్టిన తేదీ ఉన్నది ఉన్నట్టే రాయించండి. అండర్-16 పిల్లలకు మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు లెక్కగడతారు. తేదీ మార్చామని తామే ఒప్పుకున్నవాళ్లను 2020లో బీసీసీఐ క్షమించింది. దాచి దొరికిపోతే రెండేళ్ల నిషేధం.