తెల్ల చొక్కా నీడలో రంగుల లెక్క

వార్షికోత్సవ సంచిక చేతికి రాగానే అందరం ముందుగా వెతికేది గ్రూప్ ఫొటో. వార్డెన్ సారు ఎక్కడ కూచున్నారు, మనం ఏ వరుసలో ఉన్నాం, ఎవడు కళ్లు మూసుకున్నాడు అని చూస్తాం. ఆ తర్వాత వచ్చే మాట కూడా మామూలే: "ఇదేందిరా, అందరం ఎర్రగ అయినం!" ఇంకో ఏడాది పచ్చకామెర్లు వచ్చినట్టుంటాం. వెనుక వరుసలో కాస్త ఎక్కువ నల్లగా ఉన్నవాళ్ల ముఖాల్లో ముక్కుకూ చెంపకూ తేడా లేకుండా ఒకటే మసి. "కెమెరా మంచిది కాదు" అనో, "మన రంగే అంత" అనో నవ్వుకుని పేజీ తిప్పేస్తాం. ఆ రెండో మాట తప్పు. ఎందుకు తప్పో ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనిచేసే ఈ పాత విద్యార్థి నాలుగు ముక్కల్లో చెప్పే ప్రయత్నం చేస్తాడు.

మల్టీకలర్ బొమ్మలో ఉండేవి నాలుగే ఇంకులు: సయాన్ అనే ఆకాశనీలం, మెజెంటా అనే గులాబీ ఎరుపు, పసుపు, నలుపు. భూతద్దం పెట్టి ఏ క్యాలెండర్ చూసినా ఈ నాలుగు రంగుల చుక్కలే కనిపిస్తాయి. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సులో ఒక్కో రంగుకు ఒక్కో రాయి చొప్పున ఎన్నో రాళ్లతో ఒక బొమ్మ అచ్చువేసేవారు. ఇప్పుడు ఆ పని నాలుగు ప్లేట్లే చేస్తున్నాయి. చుక్క పెద్దదైతే రంగు ముదురు, చిన్నదైతే లేత.

నీలం, ఎరుపు, పసుపు సమానంగా కలిపితే బూడిద రంగు రావాలి కదా? పుస్తకం ప్రకారం రావాలి, ప్రెస్సులో మాత్రం రాదు. మూడూ 50 శాతం చొప్పున వేసి చూడండి, ఎర్రమట్టి కలిసినట్టు గోధుమ రంగు వస్తుంది. తప్పు సయాన్ ఇంకుది. అది ఎర్ర కాంతిని మాత్రమే మింగి మిగతాది వదిలేయాలి. కానీ ఆకుపచ్చ, నీలం కాంతులను కూడా కొంత మింగేస్తుంది. అంటే అందులో ముందే కాస్త మెజెంటా, కాస్త పసుపు కలిసి ఉన్నట్టు లెక్క. అందుకే సయాన్ ఎక్కువ వేయాలి. సయాన్ 50 అయితే మెజెంటా 40, పసుపు 40. అప్పుడే నిఖార్సయిన బూడిద రంగు వస్తుంది. లేత చోట 25, 19, 19. ప్రెస్సువాళ్లు గ్రే బ్యాలెన్స్ అనేది దీన్నే.

బొమ్మలో బూడిద రంగు ఎక్కడుందని అడుగుతారేమో. మన యూనిఫాం తెల్ల చొక్కా మడతల్లో ఉంది! తెల్ల బట్ట మీద పడ్డ నీడ బూడిద రంగే. ఆకుపచ్చ చెట్టు కొంచెం అటూ ఇటూ అయినా కన్ను పట్టించుకోదు. బూడిద రంగులో రవ్వంత ఎరుపు కలిసినా వెంటనే పట్టేస్తుంది. చొక్కా మడత ఎర్రబారిందంటే ఆ పేజీలో ముఖాలన్నీ ఎర్రబారాయన్నమాటే.

ముఖాల సంగతి ఇంకా సున్నితం. లేత చాయ ముఖంలో పసుపు, మెజెంటా ఉంటాయి, సయాన్ కొద్దిగానే. చాయ ముదిరేకొద్దీ సయాన్ పెరుగుతుంది, నలుపు కూడా చేరుతుంది. మూడు ఇంకులూ పెద్ద మోతాదులో ఉంటాయి కాబట్టి ఏ ఒక్కటి తూకం తప్పినా ముఖం ఎరుపుకో పచ్చకో ఒరుగుతుంది. దానికి తోడు అచ్చులో ప్రతి చుక్కా ఉబ్బుతుంది. 50 శాతం చుక్క ఆర్ట్ పేపరు మీద 65 దాటుతుంది, న్యూస్‌ప్రింట్ మీద 75 దాకా పోతుంది. ముదురు చాయలో చుక్కలు ముందే పెద్దవి. అవి ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుంటే ముక్కూ చెంపా కలిసిపోయి మసి అవుతుంది. ఇందులో ఆ తమ్ముడి రంగు చేసిన తప్పేముంది?

ఇది ఒక్క మన దగ్గరి బాధ కాదు. కొడాక్ కంపెనీ రంగు సరిచూసుకోవడానికి ఫొటో ల్యాబులకు 'షర్లీ కార్డు' అనే బొమ్మ పంపేది. ఏళ్ల తరబడి అందులో ఉన్నది తెల్లజాతి స్త్రీయే. ఆమె బాగా వస్తే అంతా బాగున్నట్టే! నల్లవాళ్ల ముఖాలు రావడం లేదంటే పెద్దగా కదలని కంపెనీ, చాక్లెట్లు, చెక్క సామాన్లు చేసేవాళ్లు తమ సరుకులో గోధుమ రంగు తేడాలు తెలియడం లేదని అడిగాక కదిలిందంటారు. వేర్వేరు చాయల స్త్రీలున్న కార్డు 1990లలో గానీ రాలేదు.

ఇక కలర్ మేనేజ్‌మెంట్. మన పెద్దలు వడ్లు మానెడు, తవ్వెడు అని కొలిచేవారు. ఒక ఊరి మానెడు పక్క ఊరి మానెడుతో సరిపోయేది కాదు, కిలో వచ్చాకే తగాదా తీరింది. కంప్యూటర్ తెరది ఒక మానెడు, ప్రింటర్‌ది ఇంకొకటి, ప్రెస్సుది మరొకటి. వీటన్నిటికీ కిలో లాంటిది 1976లో నిర్ణయించిన ల్యాబ్ కొలత. ఏ యంత్రం మానెడు ఎన్ని కిలోలో రాసిపెట్టిన చీటీయే ప్రొఫైల్. ఆ చీటీలు అందరికీ ఒకే తీరుగా ఉండాలని 1993లో కొన్ని కంపెనీలు కలిసి ఐసీసీ అనే సంస్థ పెట్టుకున్నాయి.

కాగితానికీ ప్రొఫైల్ మారుతుంది. కాగితం సంగతి మన ఆదిలాబాద్ వాళ్లకు ఒకరు చెప్పాలా? 1938లో మొదలైన సిర్పూర్ పేపర్ మిల్లు వల్లే కొత్తపేట కాగజ్‌నగర్ అయింది. ఆ మిల్లు 2014లో ఆగిపోయి, 2018లో జేకే పేపర్ చేతికి వచ్చి మళ్లీ మొదలైంది. 2016లో ఆ ఊరు ఆసిఫాబాద్ జిల్లాలోకి పోయినా మనకు ఇంకా మన మిల్లే. తెల్ల కాగితాలన్నీ ఒకే తెలుపు కాదు. మాప్‌లిథో కొంచెం నీలంగా మెరుస్తుంది, న్యూస్‌ప్రింట్ పసుపుగా ఉంటుంది. బూడిద రంగు కాగితం తెలుపును బట్టే కుదరాలి. కాబట్టి ఏ కాగితమో చెప్పకుండా ఫొటోలు సీడీలో పంపినా, పెన్‌డ్రైవ్‌లో పంపినా డీటీపీ అతను చేసేది ఊహే.

సంచిక పని చూసే తమ్ముళ్లు ప్రూఫ్‌ను పసుపు బల్బు కింద చూడకండి. పగలు వరండా నీడలో చూడండి. ముందు ముఖాలు కాదు, చొక్కా మడతలు చూడండి. ఎర్రగా ఉంటే మెజెంటా తగ్గించమనండి. "అన్నా, షీటు అంచున గ్రే బార్ పెడతవా?" అని మెషిన్‌మన్‌ను అడగండి. నల్లపు 50 శాతం గడి, పక్కనే మూడు రంగుల 50, 40, 40 గడి ఒకే తీరుగా ఉంటే తూకం కుదిరినట్టు. ముఖాలు తేలాలని ఫొటో మొత్తం తెల్లగా చేయొద్దు. అలా చేస్తే చొక్కాల మడతలన్నీ ఎగిరిపోతాయి, ముఖాలు పిండి పూసినట్టవుతాయి. మధ్యస్థ చాయలు మాత్రమే కొద్దిగా లేపమనండి. వెనుక వరుస ముఖాల్లో మూడు రంగులు కలిసి చేసే బూడిద భాగాన్ని కొంత తీసి నలుపు ఇంకుతో నింపమనండి. నలుపుకు ఎరుపు, పచ్చల తగాదా లేదు. మెషిన్ మధ్యలో కొంచెం అటూ ఇటూ అయినా వాళ్ల రంగు మారదు.