బండి హ్యాండిల్ – చేతుల తిమ్మిరి

కర్నూలు నుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు సుమారు 200 కిలోమీటర్లు. ఈ దారిలో రోజూ మోటారు సైకిలు మీద తిరిగేవారు మనలో చాలామంది ఉన్నారు. మెడ నొప్పి, చేతివేళ్ళ తిమ్మిరి అని వచ్చినవారిని మేము తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "మీ బండి హ్యాండిల్ ఎలా ఉంది?"

హ్యాండిల్ మరీ కిందికి, ముందుకు ఉంటే ఒంటి బరువు అరచేతుల మీద పడుతుంది. మణికట్టు వంగి నరం నొక్కుకుంటుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారితే ఒక నరం. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అయితే మరో నరం. హ్యాండిల్ మరీ ఎత్తుగా ఉన్నా భుజాలు లాగుతాయి.

వీపు నిటారుగా, మోచేతులు కొద్దిగా వంగి, మణికట్లు తిన్నగా ఉండాలి. ముందు మెకానిక్ చేత బోల్టులు వదులు చేయించి, హ్యాండిల్‌ను మీవైపు కొంచెం తిప్పించి, మళ్ళీ గట్టిగా బిగించి చూడండి. చాలకపోతేనే మార్చండి. అనుమతి లేని మార్పులకు 2019 చట్ట సవరణ ప్రకారం 5,000 రూపాయల జరిమానా పడవచ్చు. కాబట్టి ముందే ఆర్.టి.ఓ. ఆఫీసులో అడగండి.

మార్చాక బండిని న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుంటే ఇంజను వేగం దానంతటదే పెరుగుతుంది. అది మలుపులో ప్రాణాల మీదికి తెస్తుంది. బ్రేకు, క్లచ్ కేబుళ్ళు కూడా లాగకూడదు.

బండి దిగాక కూడా తిమ్మిరి పోకపోయినా, చేతి పట్టు తగ్గినా నొప్పి మాత్రలతో సరిపెట్టుకోకండి. షుగరు వలన కూడా తిమ్మిరి వస్తుంది. ఆలస్యం చేస్తే చేతి కండ కరిగిపోవచ్చు. వెంటనే డాక్టరుకు చూపించుకోండి.