తనంతట గేరు మార్చుకొను కారు – దాని రోగపరీక్ష



పండుగలకు మన పిల్లలు గ్రామములకు తెచ్చుచున్న కారులలో ఎడమకాలికి పనిలేనివి ఇప్పుడు పెక్కు. క్లచ్చి త్రొక్కనక్కఱలేదు, గేరురాడ్డును 'డి' అను అక్షరమునకు జరిపి ఏక్సిలరేటరు త్రొక్కిన చాలును. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1940వ సంవత్సరపు నమూనా ఓల్డ్స్‌మొబైలు కారులకు 'హైడ్రమాటిక్' అను పేర నిట్టి గేరుబాక్సు నమర్చిరి. విరివిగా తయారైనవానిలో అదియే మొదటిది. సుఖమైన సాధనమే గాని, చెడినప్పుడు యజమానికి దిక్కు తోచదు. "గేరుబాక్సు పోయినది, క్రొత్తది వేయవలెను" అను మాట విని లక్షలు చెల్లించువారు కలరు. ఆ మాటను నమ్ముటకు ముందు మనము చూడదగిన గుర్తులను చెప్పెదను.

మొదట కారు ఏ జాతిదో తెలిసికొనవలెను. మన దేశమున 2014లో మారుతి సెలెరియోతో వచ్చిన ఏ.ఎమ్.టి. నిజమునకు పాతవిధమైన గేరుబాక్సే. క్లచ్చి త్రొక్కుటయు గేరు మార్చుటయు మనిషికి బదులు యంత్రము చేయును. గేరు మాఱునప్పుడు అందు కొంచెము కుదుపు సహజము, రోగము కాదు. నేను చెప్పబోవునది టార్కు కన్వర్టరు గల జాతిని గూర్చి. ఇందు బయలుదేరునప్పుడు ఇంజనుకును గేరులకును నడుమ ఇనుపబంధమేమియు లేదు, నూనెయే కలదు. రెండు పంకాల నెదురెదురుగా నుంచి యొకదానిని త్రిప్పినచో ఆ గాలికి రెండవదియు తిరుగును గదా! ఇచట గాలికి బదులు నూనె. గేరులను పట్టియుంచు క్లచ్చిపలకల నదుము బలమును ఆ నూనెదే. ఒరపిడిని తగ్గించునదియు, వేడిని మోసికొనిపోవునదియు నదియే.

రోగిని పరీక్షించుటకు దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అని మన వైద్యులు మూడు త్రోవలు చెప్పిరి. ఈ రోగికిని అవి చాలును. కారును సమతలమున నిలిపి, వేడెక్కిన పిమ్మట, కారుతో వచ్చిన పుస్తకములోని విధి ననుసరించి – పెక్కింటికి ఇంజను తిరుగుచుండగనే, కొన్నింటికి ఆపి – నూనె చూచు పుల్లను తీసి తెల్లగుడ్డపై తుడువవలెను. నూనె సాధారణముగా ఎఱ్ఱగా, తేటగా నుండును. వాడుకచేత కొంత గోధుమవన్నె వచ్చుట ముసలితనమే. నల్లబడి మాడువాసన కొట్టినచో లోపలి క్లచ్చిపలకలు కాలినవని యెఱుగవలెను. పాలు కలిపినట్లు గులాబివన్నెకు తిరిగినచో రేడియేటరు నీరు అందు చేరినది. ఆ కారును అడుగైనను నడుపరాదు. వ్రేళ్ళనడుమ రాచినప్పుడు లోహపు రజను గరగరలాడినచో కీడు లోతుననే యున్నది. ఈ నూనె పెట్రోలువలె ఖర్చగునది కాదు. మట్టము తగ్గెనన్న ఎచ్చటనో కాఱుచున్నది. రాత్రి కారు క్రింద అట్ట పఱచి ఉదయమున చూచిన తెలియును. క్రొత్తకారులలో పెక్కింటికి ఆ పుల్లయే లేదు. ఇది నాకు బొత్తిగా నచ్చని సంగతి. నాడి చూడనీయక మందిమ్మన్నట్లున్నది! అట్టివానిని వర్కుషాపులో పైకెత్తించి చూపింపవలసినదే.

ఇక నడక. ఇంజను రొద పెరుగుచు కారు వేగము పెరుగనిచో పలకలు జాఱుచున్నవి. దానికి కారణము నూనె తక్కువగుటయో, ఒత్తిడి చాలకుండుటయో, పలకలు అఱుగుటయో కావచ్చును. 'డి'కి జరిపిన పిమ్మట సుమారొక సెకనులో పట్టు దొరకవలెను. ఆలసించినచో, చల్లగా నున్నప్పుడా, వేడెక్కిన తరువాతనా యని గమనించి మెకానిక్కునకు చెప్పవలెను.

మా తమ్ముని కుమారుని పాతకారు అఱువది కిలోమీటర్ల వేగము దాటగనే కంకరబాటపై నడచినట్లు వణకుచుండెడిది. ఒక మెకానిక్కు గేరుబాక్సు విప్పవలెననెను. ఖాళీబాటపై, ఏక్సిలరేటరు వదలక బ్రేకును ఎడమకాలితో ఇంచుక తాకుమని నేను చెప్పితిని. వణకు తక్షణమే ఆగెను. వేగము కుదిరిన పిమ్మట కన్వర్టరులోని రెండు భాగములను బిగించి ఏకముచేయు క్లచ్చి యొకటి కలదు. బ్రేకు తాకగనే అది వదలును. కాబట్టి దోషము గేరులలో లేదు. కంపెనీవారు విధించిన రకపు నూనెను మార్పింపగా వణకు పోయెను. బ్రేకు తాకినను ఆగనిచో ఇంజనును, చక్రములను శోధింపవలసియుండెడిది.

ఒక్కొక్కప్పుడు కారు ఒక్క గేరులోనే నిలిచిపోయి హెచ్చరికదీపము వెలుగును. అది తన్ను తాను కాపాడుకొనుట. మూలము ఒక సెన్సరో, తీగయో, నీరసించిన బ్యాటరీయో కావచ్చును. స్కానరులో 'పి 0700' అని కనబడినచో అది రోగము పేరు కాదు, గేరుబాక్సు వైపు చూడుమను సూచన మాత్రమే. దానితో కూడ వచ్చిన తక్కిన సంఖ్యలను వ్రాయించి పుచ్చుకొనుడు.

ఇట్టి కారు దారిలో ఆగినచో మోకుకట్టి ట్రాక్టరుచేత లాగించుట మనవారి యలవాటు. అది కూడదు. నూనెపంపు ఇంజనుతోనే తిరుగును. ఇంజను ఆగియుండగా చక్రములు గేరుబాక్సులోని భాగములను త్రిప్పును గాని వానికి నూనె యందదు, బాగున్నవియు మాడిపోవును. నెట్టి స్టార్టు చేయుటయు ఇందు సాగదు. ఒత్తిడి లేనిదే క్లచ్చిపలకలు పట్టవు. ఇంజనుచే తిరుగు చక్రములు నేల తాకకుండ ఎత్తించియో, లేదా కారునంతయు లారీపై నెక్కించియో తీసికొనిపోవలెను.